ర్యాంకు, కాగితం, సీటు: దబీర్‌పురాలో కాలేజీ ప్రవేశాల అంచనా

‘ఈ ర్యాంకుకు ఎక్కడ సీటొస్తుంది?’ ఇంటర్ చదివే పిల్లలున్న తెలుగిళ్లలో మే నుంచి ఆగస్టు దాకా నలిగే ప్రశ్న ఇది. హైదరాబాద్ పాతబస్తీలో అదే మాట ‘ఇస్ రాంక్ కో సీట్ మిల్తీ క్యా?’ అని వినిపిస్తుంది. పోటీ ఎక్కువున్న కాలేజీలో ఒక విద్యార్థికి చోటు దొరికే అవకాశం ఎంతో ముందే లెక్కగట్టడం ఇప్పుడు ఒక చిన్నపాటి విద్యగా మారింది. కోచింగ్ సెంటర్లు, దినపత్రికల విద్యా పేజీలు, నెట్ సెంటర్ల కుర్రాళ్లు, అంతకుముందు ఏడాది కౌన్సెలింగ్ దాటొచ్చిన మేనమామ కొడుకులు, అందరూ తలో లెక్క చెబుతారు. వాటిలో చాలావరకు ర్యాంకు దగ్గరే ఆగిపోతాయి. నిజానికి తెలంగాణలో సీటును తేల్చేది ర్యాంకొక్కటే కాదు. ఏ కేటగిరీ, ఎక్కడ చదివారు, ఆడపిల్లా మగపిల్లవాడా, ఇంటి ఆదాయం ఎంత, ఆప్షన్లు ఏ వరసలో పెట్టారు అన్నవన్నీ కలిస్తేనే ఆ ర్యాంకుకు విలువ కట్టగలం. దబీర్‌పురా లాంటి చోట ఈ మాటకు బరువు మరింత ఎక్కువ. అక్కడ ఒకే గల్లీలో ఒకే ర్యాంకు తెచ్చుకున్న ఇద్దరు పిల్లలు రెండు వేర్వేరు కాలేజీల్లో తేలడం మామూలే.

ప్రాంతం

దబీర్‌పురా మూసీకి దక్షిణాన, చార్మినార్‌కు తూర్పున ఉంటుంది. దబీర్ అంటే ఫార్సీలో లేఖరి, మున్షీ. నగరం చుట్టూ ఒకప్పుడు కోటగోడ, దానికి 13 దర్వాజాలు ఉండేవి. వాటిలో ఇప్పటికీ నిలబడి ఉన్నవి రెండే, ఒకటి పురానాపూల్ దర్వాజా, ఇంకోటి దబీర్‌పురా దర్వాజా. ఈ పేటలోనే బీబీ కా అలావా ఉంది. మొహర్రం పదో రోజున బీబీ కా అలమ్ ఏనుగు మీద బయల్దేరేది ఇక్కడి నుంచే. 2025లో ఆ పదో రోజు, అంటే ఆషురా, జూలై 6న పడింది. ఇంజినీరింగ్ తొలి విడత కౌన్సెలింగ్ పని నడిచిన రోజులవి. ఊరేగింపు కోసం దారులు మూసిన వారంలో సర్టిఫికెట్ల పరిశీలన, ఆప్షన్ల నమోదు చూసుకోవలసి రావడం ఇక్కడి కుటుంబాలకే తెలిసిన ఇబ్బంది. చాంద్రమాన సంవత్సరం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి మరికొన్నేళ్లలో మొహర్రం పరీక్షల నెలల్లోకే వచ్చేస్తుంది.

ఎంఎంటీఎస్ ఫలక్‌నుమా లైనులో దబీర్‌పురా ఒక స్టేషను. అదే లైనులో కాచిగూడ, విద్యానగర్ దాటితే జామియా ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ స్టేషన్లు వస్తాయి. అంటే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇక్కడి విద్యార్థికి బండి మారకుండా చేరగల చోటు. ఉస్మానియా మెడికల్ కాలేజీ మూసీ దాటగానే కోఠిలో ఉంది. చార్మినార్ పక్కనే ప్రభుత్వ నిజామియా టిబ్బీ కాలేజీ ఉంది. బంజారాహిల్స్‌లోని ముఫఖమ్ జా ఇంజినీరింగ్ కాలేజీకి, కూకట్‌పల్లిలోని జేఎన్‌టీయూకు ఊరు దాటుకుని వెళ్లాలి. దూరం గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. దూరమని తల్లిదండ్రులు కొన్ని కాలేజీలను జాబితాలోంచి తీసేస్తారు, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. ర్యాంకు అందుకున్న సీటు కూడా అలా ఆప్షన్లలోకి ఎక్కకుండానే పోతుంది. 2023 డిసెంబరులో ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక ఖర్చు భయం తగ్గింది. ప్రయాణానికి పట్టే సమయం మాత్రం తగ్గలేదు.

ర్యాంకు ఎలా పుడుతుంది

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎంసెట్ 1986లో మొదలైంది. ఇంజినీరింగ్, వ్యవసాయ, వైద్య కోర్సులకు ఒకే ఉమ్మడి ప్రవేశ పరీక్ష అది. వైద్య సీట్లు 2016 నుంచి నీట్ కిందికి మారడం మొదలైంది. ఆ ఏడు తెలంగాణలో మెడికల్ ఎంసెట్ రాసినవాళ్లు పడిన అవస్థ ఇప్పటికీ గుర్తుచేసుకుంటారు. జూలైలో జరిగిన ఎంసెట్-2 పేపరు లీకై రద్దయింది, సెప్టెంబరులో ఎంసెట్-3 రాయాల్సి వచ్చింది. తెలంగాణ పరీక్షకు 2024 నుంచి ఎప్‌సెట్ అని పేరు. ఇళ్లల్లో మాత్రం ఇంకా ఎంసెట్టే.

ఇంజినీరింగ్ పేపరులో 160 ప్రశ్నలకు 160 మార్కులు: గణితం 80, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40. సమయం మూడు గంటలు. తప్పు జవాబుకు కోత లేదు. అందుకే గడువు ముగిసేలోపు ఒక్క ప్రశ్న కూడా వదిలిపెట్టకూడదని ప్రతి అధ్యాపకుడూ చెబుతాడు. రెండు లక్షలకు పైగా విద్యార్థులు పలు విడతలుగా కంప్యూటర్ మీద రాస్తారు కనుక, విడతల మధ్య కష్టంలో తేడాను సరిచేయడానికి మార్కులను నార్మలైజ్ చేస్తారు. దీని వల్ల కీ చూసుకుని లెక్కపెట్టుకున్న మార్కులు, చివరికి వచ్చిన మార్కులు ఒకటి కాకపోవచ్చు. పరీక్ష రాసిన సాయంత్రమే ‘ఇన్ని మార్కులకు ఇంత ర్యాంకు’ అని ఎవరైనా చెబితే దాన్ని పట్టుకుని కాలేజీ ఎంచుకోవడం తొందరపాటే.

ఒకప్పుడు ఈ ర్యాంకులో ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. కొవిడ్ ఏళ్లలో దాన్ని పక్కనపెట్టారు, 2023లో తెలంగాణ పూర్తిగా తీసేసింది. కాబట్టి ఆ పాత ఏళ్ల మార్కులు, ర్యాంకుల జోడీలను ఇప్పటి అంచనాకు వాడకూడదు. ఇంటర్ మార్కులకు విలువ పోయిందని దీనర్థం కాదు. ఎప్‌సెట్ అర్హతకు గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం (రిజర్వుడు కేటగిరీలకు 40) కావాలి. జేఈఈ మెయిన్ ద్వారా ఎన్‌ఐటీలో చేరాలంటే ఇంటర్‌లో 75 శాతమైనా తెచ్చుకోవాలి, లేదా తన బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లోనైనా ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆ 75 బదులు 65 శాతం చాలు. 1000 మార్కుల ఇంటర్‌లో లాంగ్వేజీలను నిర్లక్ష్యం చేసి, మంచి జేఈఈ ర్యాంకు ఉండీ ఈ గడప దగ్గర ఆగిపోయిన పిల్లలు ప్రతి ఏటా కనిపిస్తారు.

భాష సంగతి కూడా చెప్పాలి. ఇంగ్లీషుతో పాటు తెలుగులోగానీ ఉర్దూలోగానీ ప్రశ్నలు చూసుకునే వీలు ఎప్‌సెట్‌లో ఉంది. నీట్‌లో ఉర్దూ 2018లో వచ్చింది. ఉర్దూ మీడియంలో పదో తరగతి వరకు చదివి ఇంటర్‌లో ఇంగ్లీషులోకి మారిన పిల్లలకు తొలి ఏడాది మార్కులు తగ్గుతాయి. వారి అవకాశాన్ని ఆ మార్కులతో కొలిస్తే పొరపాటు పడతాం. రెండో ఏడాది నమూనా పరీక్షల్లో ఎలా ఎదుగుతున్నారో చూడటం మేలు.

చివరి ర్యాంకుల పట్టిక

అంచనాకు అన్నిటికంటే నమ్మదగిన ఆధారం సాంకేతిక విద్యాశాఖ కౌన్సెలింగ్ తరవాత విడుదల చేసే లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్. ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీలో చివరి సీటు ఏ ర్యాంకుకు పోయిందో అందులో ఉంటుంది. డబ్బు తీసుకుని ర్యాంకు ప్రిడిక్షన్ చెప్పేవాళ్లు చేసేదీ దీన్ని తిరగేసి చెప్పడమే. పట్టిక ఉచితంగా దొరుకుతుంది. చదవడం నేర్చుకుంటే చాలు.

ఒక వరసను వేలు పెట్టి చదువుదాం. మొదట కాలేజీ కోడ్, పేరు, ఊరు. తరవాత కో-ఎడ్యుకేషనా, మహిళా కాలేజీనా అన్నది. ఆ తరవాత బ్రాంచి కోడ్: సీఎస్ఈ, ఐటీ, ఈసీఈ, ఏఐ కలిసిన సీఎస్ఎం వగైరా. అక్కడి నుంచి జంటజంటగా ర్యాంకులు: ఓసీ బాయ్స్, ఓసీ గర్ల్స్, బీసీ-ఏ బాయ్స్, బీసీ-ఏ గర్ల్స్... అలా బీసీ-ఈ, ఎస్సీ, ఎస్టీ, ఈడబ్ల్యూఎస్ దాకా. చివర ట్యూషన్ ఫీజు. ఎక్కువమంది తమ గడి ఒక్కటే చూసి మూసేస్తారు. అసలు నష్టం అక్కడే జరుగుతుంది.

బీసీ-ఈ (వెనుకబడిన ముస్లిం సమూహాల) కేటగిరీలో 16,000 ర్యాంకు వచ్చిన ఒక అమ్మాయిని ఊహించుకుందాం. ఒక కాలేజీ ఈసీఈ వరసలో ఓసీ బాయ్స్ 9,800, ఓసీ గర్ల్స్ 10,500, బీసీ-ఈ బాయ్స్ 15,200, బీసీ-ఈ గర్ల్స్ 17,900 అని ఉన్నాయనుకుందాం. ఆ అమ్మాయికి ఈ నాలుగూ వర్తిస్తాయి. మెరిట్ సీట్లలో అన్ని కేటగిరీల వారూ పోటీ పడొచ్చు. మహిళలకు ప్రత్యేకించిన మూడో వంతు సీట్లు కాక మిగిలిన వాటిలో అమ్మాయిలకూ హక్కుంది. నాలుగు గడుల్లో పెద్ద అంకె ఏదో అదే ఆమె గీత. ఇక్కడ 17,900. ఆమె ర్యాంకు లోపలే ఉంది. ఒక్కోసారి గర్ల్స్ గడి కంటే బాయ్స్ గడిలోనే పెద్ద అంకె ఉంటుంది. అది చూడక ‘మనకు రాదు’ అని ఆప్షన్ పెట్టకుండా వదిలేసిన అమ్మాయిలున్నారు.

అంతటితో సరిపోదు. ఆ 17,900 ఒక్క ఏడాది అంకె. ఇంకో రెండేళ్ల పట్టికలు పక్కన పెట్టుకోవాలి. వాటిలో 15,600, 18,300 కనిపించాయంటే మూడేళ్లలో రెండేళ్లు ఆమెకు సీటొచ్చేదన్నమాట. ఆశపడి పైన పెట్టుకోదగ్గ సీటు, అదొక్కటే నమ్ముకుని కూర్చోదగ్గ సీటు కాదు.

గడిలో కనిపించే అంకె ఎందుకిలా ఊగుతుందో కూడా తెలుసుకోవాలి. 60 సీట్ల సెక్షన్లో కౌన్సెలింగ్ ద్వారా నిండే కన్వీనర్ కోటా 70 శాతం, అంటే 42. అందులో బీసీ-ఈ వాటా 4 శాతం, 1.68. ఒకటో రెండో సీట్లు. వాటిలో మళ్లీ మహిళా వాటా. అంటే బీసీ-ఈ గర్ల్స్ గడిలో ఉన్న ర్యాంకు ఒక గుంపు సగటు కాదు, ఒకే ఒక్క అమ్మాయి ర్యాంకు. ఆ అమ్మాయి నిరుడు ఇంకో కాలేజీని పైన పెట్టి ఉంటే ఈ గడిలో వేరే అంకె ఉండేది. ఓసీ గడిని కొంత ధీమాగా నమ్మొచ్చు, అక్కడ సీట్లెక్కువ. చిన్న వాటా ఉన్న కేటగిరీల గడుల్ని అంత ధీమాగా నమ్మకూడదు. 4 శాతం వాటా ఉన్న పిల్లలు 10 శాతం వాటా ఉన్న పిల్లలకంటే ఎక్కువ ఆప్షన్లు పెట్టుకోవాలని చెప్పడానికి ఈ లెక్క చాలు.

ఏడాదికేడాదికి గీత కదలడానికి ఇంకో పెద్ద కారణం సీట్ల సంఖ్య. కొన్నేళ్లుగా కాలేజీలు సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని కంప్యూటర్ సైన్స్, దాని అనుబంధ బ్రాంచీలు పెంచుకుంటున్నాయి. సెక్షన్ పెరిగిన కాలేజీలో చివరి ర్యాంకు వెనక్కి జరుగుతుంది, అంటే సీటు కాస్త సులువవుతుంది. కాబట్టి నిరుటి ర్యాంకుతో పాటు ఈ ఏటి సీట్ల పట్టిక కూడా చూడాలి.

కేటగిరీ: ఒకే గల్లీ, వేర్వేరు గీతలు

ముస్లిం విద్యార్థులందరికీ బీసీ-ఈ వర్తిస్తుందని బయటివాళ్లు అనుకుంటారు. పాతబస్తీలోనే చాలామంది అలా అనుకుని కౌన్సెలింగ్ గడపకు వచ్చాక తెలుసుకుంటారు. ఉమ్మడి రాష్ట్రం 2007లో తెచ్చిన చట్టం సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిం సమూహాలకు 4 శాతం ఇచ్చింది. షేక్‌లు ఇందులో ఉన్నారు. సయ్యద్, ముషాయిక్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా, కచ్ఛీ మెమన్, నవాయత్ వంటి వారిని చట్టమే పేర్లు చెప్పి మినహాయించింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఈ చట్టాన్ని కొట్టేసినా, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగుతోంది. దూదేకులవారు అంతకుముందు నుంచే బీసీ-బీలో, మెహతర్‌లు బీసీ-ఏలో ఉన్నారు.

బీబీ కా అలావా చుట్టుపక్కల షియా కుటుంబాలు, వాటిలో సయ్యద్‌లు ఎక్కువ. అంటే దబీర్‌పురాలో పక్కపక్క గుమ్మాల్లో ఉన్న షేక్ పిల్లకు బీసీ-ఈ, సయ్యద్ పిల్లకు ఓసీ. రెండిళ్ల ఆదాయం ఒకటే కావచ్చు, ఇద్దరూ ఒకే బడిలో చదివి ఉండవచ్చు. రెండో అమ్మాయికి మిగిలిన దారి ఆర్థికంగా వెనుకబడిన వర్గాల 10 శాతం, అంటే ఈడబ్ల్యూఎస్. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి, తహసీల్దారు ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. ఈ కాగితం సంపాదించుకోని సయ్యద్, పఠాన్ కుటుంబాలు చాలా ఉన్నాయి. ‘రిజర్వేషన్ మాకు లేదు’ అన్న పాతమాట అలవాటై కొత్తగా వచ్చిన దారిని చూడరు. ఫలితాలకు ముందే మీసేవలో దరఖాస్తు పెట్టుకోవలసిన మొదటి కాగితం ఇదే అని ఈ వ్యాసకర్త గట్టిగా నమ్ముతాడు. పట్టికలో ఈడబ్ల్యూఎస్ గడికీ ఓసీ గడికీ మధ్య తేడా చూసినవారెవరూ దీన్ని వాయిదా వేయరు.

జాతీయ స్థాయి ప్రవేశాలకు కేంద్రం జాబితా వేరు. రాష్ట్రంలో బీసీ-ఈ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన జేఈఈలో, నీట్ అఖిలభారత కోటాలో ఓబీసీ అయిపోరు. దరఖాస్తులో తప్పు కేటగిరీ టిక్ పెట్టి, సీటు వచ్చాక సర్టిఫికెట్ చూపలేక పోగొట్టుకోవడం కంటే మొదటే కేంద్ర జాబితా చూసుకోవడం మంచిది.

తెలంగాణలో మిగతా వాటాలు ఇవి: బీసీ-ఏ 7, బీసీ-బీ 10, బీసీ-సీ 1, బీసీ-డీ 7, ఎస్సీ 15, ఎస్టీ 10 శాతం. ఎస్టీ వాటా 2022లో 6 నుంచి పెరిగింది. ఎస్సీ వాటాను 2025లో మూడు గ్రూపులుగా విడదీశారు కాబట్టి అంతకుముందు పట్టికల్లోని ఎస్సీ గడి ఇప్పుడు నేరుగా పనికిరాదు.

మైనారిటీ కాలేజీల సంగతి వేరు. ముఫఖమ్ జా కాలేజీని సుల్తాన్-ఉల్-ఉలూమ్ ఎడ్యుకేషన్ సొసైటీ 1980లో స్థాపించింది. దారుస్సలామ్‌లో దక్కన్ ఇంజినీరింగ్ కాలేజీ, కంచన్‌బాగ్‌లో దక్కన్ మెడికల్ కాలేజీ 1984లో వచ్చాయి. రాజ్యాంగం 30వ అధికరణం కింద నడిచే ఈ సంస్థల్లో ఎక్కువ సీట్లు ముస్లిం సమాజంలోని విద్యార్థులకే మెరిట్ వరసలో వెళ్తాయి. సాధారణ కాలేజీల కుల రిజర్వేషన్ల లెక్క వీటికి అదే తీరుగా వర్తించదు. సయ్యద్ పిల్లకూ షేక్ పిల్లకూ ఇక్కడ ఒకే వరస. దబీర్‌పురా విద్యార్థికి అంచనా వేసేవాళ్లు సాధారణ పట్టికను, మైనారిటీ కాలేజీల పట్టికను రెండు వేర్వేరు కాగితాల మీద రాసుకోవాలి. కలిపి చదివితే రెండూ తప్పుతాయి.

లోకల్ ఎవరు

ఆరుసూత్రాల పథకం తరవాత 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులకు. అర్హత పరీక్షతో ముగిసే వరస 4 ఏళ్లు ఈ ప్రాంతంలో చదివితే స్థానికులు. ప్రవేశాలప్పుడు ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, బోనఫైడ్లు అడుగుతారు. దబీర్‌పురాలో ఇది ఎక్కువగా ఇబ్బంది పెట్టేది గల్ఫ్ కుటుంబాలను. తండ్రి జిద్దాలోనో దమ్మామ్‌లోనో పనిచేసి, పిల్లలు అక్కడి ఇండియన్ స్కూల్లో తొమ్మిదో, పదో తరగతులు చదివి, ఇంటర్‌కు హైదరాబాద్ వచ్చి ఉంటారు. తాతల కాలం నుంచి ఈ గల్లీలోనే ఇల్లున్నా ఆ విద్యార్థి కాగితం మీద స్థానికుడు కాడు. అతనికి మిగిలేది 15 శాతం. ఆ 15 శాతానికి అర్హతగా, ఉపాధి కోసం బయట గడిపిన కాలం మినహాయించి తల్లిగానీ తండ్రిగానీ మొత్తం 10 ఏళ్లు రాష్ట్రంలో నివసించినట్టు చూపితే సరిపోతుంది. ఈ నిబంధన తెలియక మేనేజ్‌మెంట్ కోటాకు డబ్బు కట్టేసినవాళ్లూ ఉన్నారు. గల్ఫ్‌లోని భారతీయ కార్మికుల పిల్లలకు కొన్ని సంస్థల్లో సూపర్‌న్యూమరరీ సీట్లు విడిగా ఉంటాయి. ఎన్‌ఐటీల్లో చేరే దాసా పథకంలోనూ వారికి ప్రత్యేక విభాగం ఉంది. తండ్రి ఇంకా అక్కడే పనిచేస్తుంటే ముందు చూడవలసింది అదే.

మెడికల్ ప్రవేశాల్లో 9 నుంచి 12వ తరగతి వరకు 4 ఏళ్లూ రాష్ట్రంలో చదవాలన్న నియమాన్ని 2024లో జీవో 33తో కచ్చితం చేశారు. దాని మీద వ్యాజ్యాలు నడిచి, 2025లో సుప్రీంకోర్టు రాష్ట్రం వైపు తీర్పు ఇచ్చింది.

పది వేల గీత

సీటు వస్తుందా అన్న ప్రశ్నకు కవలగా ఇంకో ప్రశ్న ఉంది: ఫీజు కట్టగలమా? తెలంగాణలో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు పట్టణ కుటుంబాల ఆదాయం ఏడాదికి 2 లక్షలు దాటకూడదు. బీసీ, ఈబీసీ, మైనారిటీ విద్యార్థులకు ఎంసెట్ ర్యాంకు 10,000 లోపైతే ఫీజు మొత్తం వస్తుంది. దాటితే గరిష్ఠంగా 35,000 రూపాయలు. పేరున్న ప్రైవేటు కాలేజీల్లో ఏడాది ఫీజు లక్ష దాటిన చోట్లు చాలా ఉన్నాయి. అంటే 9,990 ర్యాంకుకూ 10,010 ర్యాంకుకూ మధ్య తేడా ఇరవై స్థానాలు కాదు, నాలుగేళ్లలో లక్షల రూపాయలు. చుడీబజార్‌లో గాజుల దుకాణంలో పనిచేసే తండ్రికి ఇది కాలేజీ పేరు కంటే పెద్ద సంగతి.

ర్యాంకు 14,000 వచ్చిన పేదింటి పిల్లకు ప్రైవేటు కాలేజీ సీఎస్ఈ కంటే ప్రభుత్వ విశ్వవిద్యాలయ కాలేజీలో ఇంకో బ్రాంచి మేలా అన్నది ఇక్కడే తేల్చుకోవాలి. రెండిటి ఫీజుల తేడా, ప్రయాణం, నాలుగేళ్ల మొత్తం లెక్కగట్టకుండా ఎవరూ సలహా ఇవ్వకూడదు. రెండోది మేలని నా అభిప్రాయం, ముఖ్యంగా రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే అప్పు తెచ్చుకోవలసిన ఇళ్లకు. స్పాట్ అడ్మిషన్‌లోనూ, మేనేజ్‌మెంట్ కోటాలోనూ చేరితే రీయింబర్స్‌మెంట్ రాదన్నది కూడా ముందే తెలిసి ఉండాలి.

నీట్ లెక్క

నీట్‌లో 180 ప్రశ్నలకు 720 మార్కులు. మార్కులను బట్టి సీటు అంచనా వేయడం ఎంత ప్రమాదమో రెండేళ్ల అనుభవం చూపించింది. 2024లో మొదట 67 మందికి 720కి 720 వచ్చాయి. సవరించిన ఫలితాల్లో ఆ సంఖ్య 17కు తగ్గింది. అంతకుముందు ఏడాది మంచి కాలేజీ తెచ్చిన మార్కులు ఆ ఏడాది వేలాది ర్యాంకులు వెనక్కి జారాయి. 2025లో పేపరు కఠినంగా వచ్చి, దేశంలో అత్యధిక మార్కులే 686. 2024 మార్కులతో పోల్చుకుని ‘మనవాడికి రాలేదు’ అని లాంగ్ టర్మ్ కోచింగ్‌కు ఫీజు కట్టడానికి సిద్ధపడిన ఇళ్లలో, ర్యాంకు చూశాక సీటు అందుతుందని తేలిన సందర్భాలున్నాయి. నీట్‌లో మార్కులు పక్కనపెట్టి ర్యాంకు చూడాలి. అఖిలభారత ర్యాంకు వచ్చాక రాష్ట్ర మెరిట్ జాబితా వచ్చేదాకా ఆగాలి.

సీట్ల వైపు నుంచి చూస్తే తెలంగాణ ఏర్పడిన 2014లో రాష్ట్రంలో ప్రభుత్వ వైద్య కళాశాలలు 5. 2024 నాటికి 30 దాటాయి. ఉస్మానియా, గాంధీల్లో చెరి 250 ఎంబీబీఎస్ సీట్లు. జిల్లాల్లో కొత్తగా వచ్చిన కాలేజీల వల్ల చివరి ర్యాంకు బాగా వెనక్కి జరిగింది. దబీర్‌పురా నుంచి ఆదిలాబాదో ఆసిఫాబాదో వెళ్లి హాస్టల్లో ఉండి చదవడానికి ఇల్లు ఒప్పుకుంటుందా అన్నది ఇక్కడ అవకాశాన్ని తేల్చే ప్రశ్న. ప్రైవేటు కాలేజీల్లో కన్వీనర్, యాజమాన్య, ఎన్ఆర్ఐ వాటాలు సాధారణంగా 50, 35, 15 శాతం. మైనారిటీ కాలేజీల్లో 60, 25, 15.

ఎంబీబీఎస్ అందని పిల్లలు ఇక్కడ తేలిగ్గా వదిలేసే సీటు ఒకటుంది. నిజామియా టిబ్బీ కాలేజీలో బీయూఎంఎస్ ప్రవేశం కూడా నీట్ ద్వారానే. పదో తరగతిలో ఉర్దూ, అరబ్బీ, ఫార్సీల్లో ఏదో ఒకటి చదివి ఉండాలన్న నియమం ఉంది. రాష్ట్రంలోని చాలామంది విద్యార్థులకు ఆ నియమమే గోడ. దబీర్‌పురాలో ఉర్దూ ప్రథమ భాషగా చదివిన అమ్మాయికి అదే తలుపు. ఇంటికి దగ్గర, ప్రభుత్వ ఫీజు, డాక్టరు డిగ్రీ. ఇంత దగ్గరున్నదాన్ని అంచనా జాబితాలో కలపని సలహాదారు పాతబస్తీకి పనికిరాడు.

పదో తరగతి దగ్గర

కొన్ని సీట్లు ఇంటర్ దాకా ఆగవు. 2008లో మొదలైన ఆర్జీయూకేటీ బాసర పదో తరగతి ఫలితాన్ని బట్టే ఆరేళ్ల సమీకృత కోర్సులోకి తీసుకుంటుంది. గ్రేడ్లున్న కాలంలో ప్రభుత్వ బడి పిల్లల జీపీఏకు 0.4 కలిపేవారు. పాలీసెట్ ద్వారా డిప్లొమా, అక్కడి నుంచి ఈసెట్‌తో నేరుగా ఇంజినీరింగ్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. 2016లో 71 బడులతో మొదలై 204కు పెరిగిన మైనారిటీ గురుకులాలు ఇంటర్ స్థాయిలో కొంతమందికి కార్పొరేట్ కాలేజీల ఫీజు భారం తప్పించాయి.

ఆప్షన్లు, విడతలు

చైనాలో గావ్‌కావ్ ప్రవేశ పరీక్ష రాసిన విద్యార్థులు కూడా మార్కులొచ్చాక మన వెబ్ ఆప్షన్ల లాగే కాలేజీల వరస నింపుతారు, ప్రాంతాలవారీ కోటాలు వారికీ ఉన్నాయి. అమెరికాలో పద్ధతి వేరు. బడి మార్కులు, వ్యాసాలు, సిఫారసు ఉత్తరాలు, బయటి కార్యకలాపాలు అన్నీ కలిపి చూస్తారు కాబట్టి ఏ అంకె మీదా గీత గీయలేరు. చికాగోలో స్థిరపడిన బంధువులు తమ పిల్లల దరఖాస్తుల గురించి చెప్పేటప్పుడు రీచ్, మ్యాచ్, సేఫ్టీ అని కాలేజీలను మూడు మెట్లుగా విడదీస్తారు. ఆ మూడు మెట్లు మన ఆప్షన్లకూ పనికొస్తాయి. కాకపోతే మన దగ్గర ఒక్కో కాలేజీకి విడిగా దరఖాస్తు ఖర్చు లేదు, ఎన్ని ఆప్షన్లైనా పెట్టుకోవచ్చు. అందని సీటు పైన పెట్టినందువల్ల కింది సీటు పోదు. కంప్యూటరు విద్యార్థి ర్యాంకు వచ్చినప్పుడు జాబితా పైనుంచి కిందికి చూస్తూ, దొరికిన మొదటిదాన్ని ఇస్తుంది. అందుకే వరసలో ఇష్టం ముందు రావాలి, భయం కాదు.

దర్వాజా దగ్గరి నెట్ సెంటర్లలో ఆప్షన్లు పెట్టించుకునే వాళ్లకు ఒక మాట. టైపు చేసేవాడు నిరుడు ఇంకొకరికి పెట్టిన జాబితానే కాపీ చేసి పెట్టే అలవాటు ఉంటుంది. విద్యార్థి కాగితం మీద తన వరస రాసుకుని వెళ్లి, కోడ్లు ఒక్కొక్కటీ చదివించి, సేవ్ చేశాక ప్రింటు తీసుకోవాలి. ఒకే పేరుతో మొదలయ్యే కాలేజీలు ఉన్నాయి, కోడ్‌లో ఒక్క అక్షరం మారితే ఊరే మారిపోతుంది. పాస్‌వర్డు, ఓటీపీ వచ్చే ఫోను ఇంట్లోవాళ్ల చేతిలోనే ఉండాలి. మాక్ కౌన్సెలింగ్ జరిపిన ఏడాది దాని ఫలితం చూసి వరస మార్చుకునే వీలుంటుంది. ఆ రెండు రోజులు పెళ్లి పనైనా మానుకుని కూర్చోవాలి.

తొలి విడతలో వచ్చిన సీటుకు ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ చేశాక కూడా రెండో విడతలో పైసీటుకు ప్రయత్నించొచ్చు. కొత్త సీటొస్తే పాతది దానంతటదే పోతుంది కనుక నిజంగా కావాలనుకున్నవే రెండోసారి పెట్టాలి. జేఈఈ ద్వారా ఎన్‌ఐటీ, ఐఐటీ సీట్లొచ్చినవాళ్లు తమ ఎప్‌సెట్ సీట్లు వదిలేసేది ఈ మధ్యలోనే. అందువల్ల తొలి విడతలో కొద్దిలో తప్పిన సీటు రెండో, చివరి విడతల్లో అందడం తరచూ జరుగుతుంది. పట్టికలు విడతలవారీగా విడుదలైనప్పుడు తొలి విడతదానికీ చివరి విడతదానికీ తేడా గీసి చూస్తే, ఏ కాలేజీలో ఎన్ని స్థానాలు కదులుతాయో కనిపిస్తుంది. తొలి విడత ఫలితం చూడగానే నిరాశపడి మేనేజ్‌మెంట్ సీటుకు బయానా ఇచ్చే ముందు ఆ తేడా ఒక్కసారి గీసి చూడాలి.